తలుపు అవతలి గొంతుకు అవార్డు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను చూడగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఆంటీ, స్టార్స్‌ని దగ్గర్నుంచి చూసుంటారు కదా?" చూశాను. ఆకలికి చిరాకు పడుతున్నప్పుడు చూశాను, సూట్‌కేసు వేరే దేశానికి వెళ్ళిపోతే ఏడుస్తున్నప్పుడు చూశాను, కొత్త చెప్పులు కరిస్తే వట్టి కాళ్ళతో మెట్లెక్కుతున్నప్పుడు చూశాను. కానీ వాళ్ళకంటే ఎక్కువగా నేను చూసింది జ్యూరీ సభ్యులను. ఫిల్మ్ ఫెస్టివల్‌లో జ్యూరీ కోఆర్డినేటర్ అంటే ఏమిటో మా అత్తగారికి ఎంత చెప్పినా ఎక్కేది కాదు. "సినిమాలు చూసేవాళ్ళని చూసుకునే ఉద్యోగం" అని చుట్టాలకు చెప్పేవారు. అప్పట్లో ఉడుక్కునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే ఇంతకంటే మంచి వివరణ నాకు దొరకలేదు.

నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో ఇక్కడ రాయను. ఆ గొడవ నాకే సరిగ్గా గుర్తు లేదు. మీకు పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి, అవి చెబుతాను. వాటిలో ఒకటి కొంచెం పెద్దది.

మిస్ కో

నేను పుట్టి పెరిగింది మద్రాసు వడపళనిలో. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తిరగబడతాయని లోకమంతా హడలిపోతున్న రోజుల్లో, ఆ హడలు పుణ్యమా అని మా ఆయనకు సింగపూర్‌లో ఉద్యోగం వచ్చింది. యీషున్‌లో ఫ్లాట్ తీసుకున్నాం. పొద్దున్నే ఆయన రైలెక్కి తంజోంగ్ పగార్ వెళ్ళిపోతే ఇంట్లో నేనూ, ఫ్యానూ మిగిలేవాళ్ళం. ఒకరోజు తమిళ పేపర్లో చిన్న ప్రకటన కనబడింది. ఒక ఫిల్మ్ ఫెస్టివల్‌లో తొలిసారిగా తమిళ సినిమాలకు ప్రత్యేకంగా అవార్డులు పెడుతున్నారట, తమిళం, ఇంగ్లీషు తెలిసినవాళ్ళు కావాలట.

ఇంటర్వ్యూ చేసింది ఫెస్టివల్ బాసు మిస్ కో. పొట్టి జుట్టు, బక్క మనిషి, ఎప్పుడూ స్వెటర్‌లోనే ఉండేది. సినిమాలంటే ఇష్టమా అని అడిగింది. అడగడమే తరువాయి, నేను గంగిరెద్దులా తలూపుతూ చిన్నప్పటి నుంచి చూసినవన్నీ ఏకరువు పెట్టాను. ఆవిడ అంతా విని, "ఇష్టం చాలా ఎక్కువగా ఉంది లా. జ్యూరీ ముందు దాచుకోగలవా?" అంది, సింగపూర్ వాళ్ళ తీరులో మాట చివర "లా" తగిలించి. దాచుకోగలనని అబద్ధం చెప్పి చేరిపోయాను.

ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. జ్యూరీ గదిలో నాకు కాళ్ళూ చేతులూ ఉంటాయి, నోరు ఉండదు. కాఫీ ఇవ్వచ్చు, ఏసీ తగ్గించవచ్చు, నిర్ణయం రాసుకోవచ్చు. ఏ సినిమా గురించీ పెదవి విప్పకూడదు. వడపళని పిల్లకి అది ఎంత పెద్ద శిక్షో మీరే ఊహించుకోండి.

టిష్యూ ప్యాకెట్లు

జ్యూరీ సభ్యులు ముగ్గురూ మధ్య వరుసల్లో కూర్చోవాలి. ఆ సీట్లకు మొదటి ఏడాది నేను నాలుగు రంగుల్లో "రిజర్వ్‌డ్" కాగితాలు అతికించాను. తమిళ సినిమా అంటే వీరాభిమానంతో వచ్చిన కుటుంబాలు వాటిని పీకి, మడిచి, విసనకర్రలు చేసుకుని హాయిగా కూర్చున్నాయి. జ్యూరీ అధ్యక్షుడు, యూరప్ నుంచి వచ్చిన పెద్దాయన, సినిమా అంతా పక్కన నిలబడి చూశాడు.

మర్నాడు మిస్ కో నా చేతిలో మూడు టిష్యూ ప్యాకెట్లు పెట్టింది. "సీటుకొకటి పెట్టు." హాకర్ సెంటర్‌లో, అంటే చవక తిండి దుకాణాల దగ్గర, జనం టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్లలు చోప్ చేసుకుంటారే, ఇది నాది అని పట్టి ఉంచుకుంటారే, అచ్చం అలాగే పెట్టాను. ఒక్కరూ వాటి జోలికి రాలేదు. ఒక తమిళ బామ్మ అయితే తన మనవణ్ణి, "అక్కడ ఎవరో చోప్ చేశారు, లే!" అని రెక్క పట్టుకుని లాగేసింది. అచ్చేసిన కాగితానికి లేని మర్యాద ఆ ప్యాకెట్‌కు ఉంది. ఏ ఊళ్ళో పనిచేస్తే ఆ ఊరి మర్యాద తెలుసుకోవాలని నేర్చుకోవడానికి నాకు ఒక పెద్దాయన కాళ్ళ నొప్పి అవసరమైంది.

మార్కుల సాఫ్ట్‌వేర్

అది ఐటీ వాళ్ళ రాజ్యం నడుస్తున్న కాలం. ఫెస్టివల్‌కు వాలంటీర్లుగా వచ్చిన వాళ్ళలో సగం మంది ప్రోగ్రామర్లే. వాళ్ళలో మా ఆయన స్నేహితుడొకడు మహా ఉత్సాహంగా జ్యూరీ కోసం ఒక సాఫ్ట్‌వేర్ రాసిపెట్టాడు. నటనకు ఇన్ని మార్కులు, కెమెరాకు ఇన్ని, సంగీతానికి ఇన్ని అని వేస్తే చివర్లో మీట నొక్కగానే విజేత పేరు వస్తుంది. నాకు తెగ నచ్చింది. మిస్ కో వచ్చి, చూసి, కంప్యూటర్ ఆపేసి, దాని మీద తన స్వెటర్ కప్పింది.

"వీళ్ళు ముగ్గురూ పోట్లాడుకోవడానికే కదా టికెట్లిచ్చి పిలిపించాం" అంది.

నేను ఇన్నేళ్ళలో చూసిన మంచి అవార్డులన్నీ పోట్లాటలోంచే వచ్చాయి. ఎవరికీ అభ్యంతరం లేని సినిమాకు బహుమతి ఇచ్చిన సంవత్సరాల్లో ఆ సినిమా పేరు వచ్చే ఏడాదికి మాకే గుర్తుండేది కాదు. ఆవిడ తర్వాత వచ్చిన బాసు ఒకాయన పోట్లాటలు వద్దని ఓట్లు పెట్టించాడు. ఆయన మంచివాడే కానీ ఆయన హయాంలో వచ్చిన ఒక్క నిర్ణయం గురించి కూడా నాకు చెప్పాలని లేదు.

గొంతు బాగాలేదు

ఇక ఆ పెద్ద సంగతికి వస్తాను. ఇది మొదటి సంవత్సరమే జరిగింది.

పోటీలో ఒక చిన్న తమిళ సినిమా ఉంది. దర్శకుడు సెల్వం, నిర్మాత కూడా అతనే. కథానాయిక చిన్న ఊళ్ళో కుట్టు మిషన్ మీద తమ్ముణ్ణి చదివిస్తుంటుంది. చివర్లో ఆ తమ్ముడు చచ్చిపోవాలని గది తలుపు వేసుకుంటాడు. కెమెరా గది లోపలే, వాడి ముఖం మీదే ఉంటుంది. అక్క బయట నుంచి మాట్లాడుతుంది. ముందు తిడుతుంది, తర్వాత బతిమాలుతుంది, ఆఖరికి అలిసిపోయి రేపు ఏం కూర వండాలో అడుగుతుంది. వాడు గడియ తీస్తాడు. ఆ సీన్ మొత్తంలో అక్క కనబడదు, గొంతు వినబడుతుంది, అంతే. హాల్లో నా పక్కన కూర్చున్న జ్యూరీ సభ్యురాలు, షార్ట్ ఫిల్ములు తీసే చైనీస్ అమ్మాయి, తెర కింద ఇంగ్లీషు అక్షరాలు చదవడం మానేసి కళ్ళు తుడుచుకుంది.

ప్రదర్శన తర్వాత ప్రేక్షకులతో ముచ్చట ఉంటుంది. సెల్వం నన్ను పక్కకు పిలిచాడు.

"మేడమ్, మా హీరోయిన్‌కి గొంతు బాగాలేదు. స్టేజీ మీదకొస్తుంది, దండం పెడుతుంది. మాట్లాడదు."

అయ్యో పాపం అనుకుని తేనె కలిపిన వేణ్ణీళ్ళు పట్టుకుని గదిలోకి వెళ్ళాను. హీరోయిన్ రియా, ఉత్తరాది పిల్ల, ఫోన్లో వాళ్ళమ్మతో హిందీలో గోడలు అదిరేలా నవ్వుతూ మాట్లాడుతోంది. మగరాయుడి గొంతు. నన్ను చూసి నాలిక కరుచుకుంది. నా వెనకే వచ్చిన సెల్వం తల గోక్కున్నాడు.

"ఫెస్టివల్ అవార్డులకి సొంత గొంతే ఉండాలని ఎవరో చెప్పారు మేడమ్. కాస్త చూసీచూడనట్టు..."

నేను నవ్వేసి ఊరుకున్నాను. ఎందుకంటే ఆ విషయం నాకు కొత్త కాదు. మన సినిమాల్లో ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. తెర మీద ఆ తలుపు అవతల వినబడిన గొంతును నేను చిన్నప్పటి నుంచి ఎంతమంది హీరోయిన్ల నోట విన్నానో. తెలుగులోనూ అదే, తమిళంలోనూ అదే. అన్నంలో ఉప్పు గురించి ఎవరూ మాట్లాడుకోనట్టే మేం దీని గురించి మాట్లాడుకోం. జ్యూరీకి ఇది తెలియకపోవచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. మా నిబంధనల్లోనూ గొంతు ఊసు లేదు. రాసినవాళ్ళకు ఇలాంటి పద్ధతి ఒకటి ఉందని తెలిస్తే కదా!

ఒక్క వాక్యం

మర్నాడు జ్యూరీ కూర్చుంది. ఉత్తమ నటి దగ్గరకు వచ్చేసరికి అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నాకు వేరే పేరు చెప్పకండి. ఆ తలుపు దగ్గర ఆ అమ్మాయి గొంతు... ముఖం లేకుండా అంత నటన నేను ఎప్పుడో గానీ చూడలేదు" అన్నాడు. చైనీస్ అమ్మాయి వెంటనే చెయ్యెత్తింది. మూడో మనిషి మణియం అంకుల్. సింగపూర్ తమిళుడు, రేడియో నాటకాల్లో జీవితమంతా గడిపినవాడు. ఆయన మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ, "సరే, మీ ఇష్టం" అన్నాడు.

ఇవ్వబోతున్న అవార్డు ఆ గొంతుకి. అందుకోబోతున్నది వేరే మనిషి. ఇది రేపు పేపర్లో వస్తే తమిళ సినిమాలకు అవార్డులన్న ముచ్చట మొదటి ఏడాదే ముగిసిపోతుంది, రియా నలుగురిలో నవ్వులపాలవుతుంది. అసలు పనిచేసిన ఆవిడకు ఇలాంటిదొకటి జరిగిందన్న సంగతే తెలియదు. చెబుదామంటే నాకు నోరు లేదాయె. నీళ్ళ జగ్గు నింపుకొస్తానని బయటపడి మిస్ కో దగ్గరకు పరిగెత్తాను.

ఆవిడ అంతా విని ఒకటే అడిగింది. "ఇది నీ అభిప్రాయమా, జరిగిన సంగతా?"

"జరిగిన సంగతే."

"అయితే లోపలికి వెళ్ళు. ఒక్క వాక్యం చెప్పు. రెండో వాక్యం నీది కాదు."

నా ఉద్యోగ జీవితంలో ఎవరూ నాకు ఇంతకంటే గొప్ప పాఠం చెప్పలేదు. జ్యూరీకి తెలియని సంగతి తెలిసీ దాచడం మర్యాద కాదు. దానికి నా తీర్పు జోడించడం నా పని కాదు. మీలో ఎవరికైనా ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంటే ఇది గుర్తుండాలని నా ఆశ.

జగ్గు బల్ల మీద పెట్టి చెప్పాను. "సార్, ఆ గొంతు ఆ నటిది కాదు, మద్రాసులో ఉండే ఒక డబ్బింగ్ ఆర్టిస్టుది."

అధ్యక్షుడు మణియం అంకుల్ వైపు తిరిగాడు. "మీకు తెలుసా?"

"తెలియకేం? ఆ గొంతు తెలియని తమిళ ఇల్లు ఎక్కడైనా ఉందా?"

"మరి చెప్పలేదే?"

"చెప్పడానికి ఏముంది? మావాళ్ళంతా అలాగే తీస్తారు. అది తప్పంటే మా సినిమాల్లో సగం మంది హీరోయిన్లని ఇంటికి పంపాలి." ఆయనకు రోషం వచ్చింది. "మీరు బొమ్మ చూస్తారు, కింద ఇంగ్లీషు చదువుతారు. మేం ఆ గొంతు వింటూ పెరిగాం."

అధ్యక్షుడు అవార్డే రద్దు చేద్దామన్నాడు. చైనీస్ అమ్మాయి అది అన్యాయమంది. గంటసేపు అరుచుకున్నారు. నేను మూల కుర్చీలో కాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఉన్నట్టుండి మణియం అంకులే మెత్తబడ్డాడు.

"రేడియోలో నాటకం అయిపోయాక మేం పేర్లు చదివేవాళ్ళం" అన్నాడు. "ఒక్క మాట ఉన్న పనిమనిషి వేషమైనా సరే, ఎవరు వేశారో పేరు చదవందే మైకు ఆపేవాళ్ళం కాదు. మరి ఈవిడ ఇన్నేళ్ళు మాట్లాడింది. ఎవరైనా పేరు చదివారా?" నా వైపు తిరిగి, "ఏమ్మా, ఆవిడ పేరేమిటి?" అని అడిగాడు.

నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. ఆ గొంతు ఇద్దరికీ తెలుసు.

అవార్డు పాత్రకు ఇవ్వాలని, ముఖానికీ గొంతుకూ కలిపి రెండు పేర్లు ప్రకటించాలని ముగ్గురూ తేల్చారు. మరుసటి ఏడాది నుంచి గొంతు ఇచ్చినవారి పేరు కూడా చెప్పాలని మా నిబంధనల్లో చేర్చారు. ఆ నిబంధన ఇప్పటికీ ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఆ ముగ్గురికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ధనం గారు

పేరు కోసం సెల్వంను పట్టుకుంటే నీళ్ళు నమిలి నమిలి ఫోన్ నంబరు ఇచ్చాడు. పేరు ధనం, మీ తెలుగావిడే అన్నాడు. మద్రాసుకు ఫోన్ చేశాను. "హలో" అన్న ఒక్క మాటకే గుర్తుపట్టాను. తలుపు అవతల ఉన్న ఆ గొంతే.

"ఎన్నింటికి రమ్మంటారు? ఏ థియేటరు?" అందావిడ. రికార్డింగ్ పిలుపనుకుంది.

తెలుగులో విషయం చెప్పాను. అటువైపు గాభరా.

"వద్దు తల్లీ, నా పేరు చెప్పొద్దు. ఇప్పటికే కొత్తపిల్లలు వచ్చేశారు, నన్ను పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. నేనే గొప్పని చాటింపు వేయించుకుంటున్నానని ఏ హీరోయినన్నా అనుకుందంటే ఉన్న పని కూడా పోద్ది. నీకు పుణ్యముంటుంది, ఆ పిల్లకే ఇచ్చేయండి."

ఒప్పించడం నా వల్ల కాలేదు. ఆవిడ భయంలో అబద్ధం లేదు. అవార్డు మాది, ఒక రోజు ముచ్చట. అన్నం ఆవిడది. నాకు ఏం చెయ్యాలో తోచక రియా దగ్గరకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. కోపగిస్తుందేమో అనుకున్నాను. ఆ పిల్ల మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "దీదీ, ఆ తలుపు సీన్ తీసిన రోజు నేను సెట్‌లో కూడా లేను. హోటల్లో పడుకున్నాను" అని పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. "అందరూ ఆ సీన్ గురించే పొగుడుతున్నారు. దండం పెట్టీ పెట్టీ చేతులు నొప్పెడుతున్నాయి."

ఫోన్ కలపమంది. హిందీ యాసలో తమిళం, మధ్యలో ఇంగ్లీషు. "ధనం అక్కా, నేను రియా. మీ పేరు నేనే చెబుతాను. నేను చెబితే ఇంక ఎవరు కోపగిస్తారు?" అంది. అటువైపు ఏమన్నారో నాకు వినబడలేదు. రియా మాత్రం చాలాసేపు "అక్కా, అక్కా" అంటూనే ఉంది. చివరికి ఫోన్ నా చేతికిచ్చి, "ఆదివారం అవార్డుల సభ వేళకు ఫోన్ దగ్గరే, ఇంట్లోనే ఉంటానన్నారు" అంది.

ఆదివారం

ధనం గారికి పాస్‌పోర్టు లేదు. రమ్మని పిలిచే వ్యవధి అసలే లేదు. అందుకే అవార్డుల సభలో వేదిక పక్కనున్న ఫోన్‌ను స్పీకర్లకు కలపాలన్నది రియా పట్టుదల. మిస్ కో గడియారం చూసి, "ఒక్క నిమిషం. ఆ తర్వాత లైను తీసేయిస్తాను" అంది.

హాలు కిక్కిరిసిపోయింది. కింద పట్టుచీరల కుటుంబాలు, పై బాల్కనీలో షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో పనిచేసే కుర్రాళ్ళు. ఆదివారం సెలవు కదా, మన తెలుగువాళ్ళు కూడా చాలామందే వచ్చారు. తమిళం సరిగ్గా రాకపోయినా సినిమావాళ్ళను చూద్దామని.

ఉత్తమ నటి అవార్డు ప్రకటించగానే రియా వేదిక ఎక్కింది. సెల్వం ముందు వరుసలో తల పట్టుకున్నాడు. రియా మైకు అందుకుని తన సొంత గొంతుతో, వంకరటింకర తమిళంలో మాట్లాడింది. ఆ బొంగురు గొంతు విని జనం ముందు నవ్వారు. ఆమె ఆగలేదు. "మీకు నచ్చిన గొంతు నాది కాదు. తలుపు దగ్గర మాట్లాడింది ధనం అక్క. ఇందులో సగం ఆవిడది. ఆవిడ ఇప్పుడు ఫోన్లో ఉన్నారు" అంది.

రిసీవర్ నా చేతిలో ఉంది. "ధనం గారూ, మాట్లాడండి" అన్నాను.

స్పీకర్లలో శ్వాస వినబడింది. తర్వాత ఆ గొంతు, కొంచెం వణుకుతూ.

"ఏం మాట్లాడాలమ్మా? డైలాగు పేపరు ఎవరిస్తారు?"

కింద కుర్చీల్లో చప్పుడు ఆగిపోయింది. ఆ గొంతును వాళ్ళందరూ గుర్తుపట్టారు. బాల్కనీలోంచి ఒక కుర్రాడు ఉండబట్టలేక అరిచాడు. "ఒరేయ్, మన సినిమాల్లో గొంతు గదరా ఇది!"

"పేపరు లేదండీ. మీరే ఏదైనా చెప్పండి" అన్నాను.

స్పీకర్లలో మళ్ళీ శ్వాస ఒక్కటే. నిమిషం దాటిపోయింది. మిస్ కో సౌండ్ చూసే అతని పక్కనే నిలబడి ఉంది. అతను మీట మీద చెయ్యి పెట్టి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ అతని చెయ్యి తీసి పక్కన పెట్టింది. అందుకు నేను ఆవిడకు జన్మంతా రుణపడి ఉన్నాను.

"నా పేరు ధనలక్ష్మి" అంది ఆ గొంతు. ముందు తమిళంలో, తర్వాత తెలుగులో. అంతే, ఇంకేం చెప్పలేదు.

మణియం అంకుల్ లేచి నిలబడ్డాడు. ఆయనతో పాటు హాలంతా లేచింది. పైన బాల్కనీలో కుర్రాళ్ళు ఈలలు వేస్తున్నారు, రియా అవార్డును రెండు చేతులా పైకెత్తి ఫోన్ వైపు చూపిస్తోంది. నేను రిసీవర్‌ను జనం వైపు తిప్పి పట్టుకున్నాను. కాసేపయ్యాక, లైను తెగిపోయిందేమోనని అనుమానం వచ్చి చెవికి ఆనించుకున్నాను.

"ధనం గారూ, ఉన్నారా?"

"ఉన్నాను తల్లీ. నువ్వు మాట్లాడకు. ఇంకాసేపు విననీ."